యూరప్‌లో నిదానంగా తిరగాలంటే: గ్రూప్ టూరా, రైలా, మోటార్‌హోమా?

ఒంగోల్లో ఉండే మా బావమరిది పోయిన నెల రిటైరయ్యాడు. మర్నాడే ఫోన్. "బావా, మీరు పోయొచ్చారు గదా, మేమూ మోటార్‌హోమ్ తీసుకుని యూరప్ అంతా నిదానంగా తిరిగొద్దామనుకుంటున్నాం, ఏమంటారు?" అన్నాడు. ఏదో వీడియో చూసినట్టున్నాడు. లోపలే మంచం, వంటిల్లు, బాత్రూమ్ ఉండే తెల్ల వ్యాన్, పక్కన సరస్సు, మడత కుర్చీల్లో కాఫీ తాగుతూ ముసలి జంట. నేను గంటసేపు చెప్పాను, అతను సగమే విన్నాడు, మిగతా సగం కోసం సాయంత్రం చెల్లెమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఇట్లా అడిగేవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, అందరికీ ఒకేసారి రాసేస్తే పోతుందని కూర్చున్నా.

మాది కావలి. నేను బ్యాంకులో చేశాను, మా ఆవిడ టీచరు. మొదటిసారి గ్రూప్ టూర్‌లో 12 రోజులు పోయాం. రెండోసారి సొంతంగా 50 రోజులు, అందులో మూడు వారాలు మోటార్‌హోమ్, మిగతా రోజులు రైళ్లూ అద్దె ఇళ్లూ. కాబట్టి రెండు వైపులా దెబ్బలు తిన్నవాడి మాటగా తీసుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఒక చోట రెండు మూడు రాత్రులు కదలకుండా ఉండే ఓపిక ఉంటేనే మోటార్‌హోమ్ జోలికి పోండి. రోజుకో ఊరు చూడాలనుకునేవాళ్లకు అది లారీ డ్యూటీ లాగా తయారవుతుంది, పైగా డబ్బిచ్చి చేసే డ్యూటీ.

ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

బండి ఎవరు నడుపుతారు? కావలి నుంచి తిరుపతికి ఎన్నోసార్లు కారు తోలాం గదా అనుకోవద్దు. అక్కడ స్టీరింగ్ ఎడమ పక్క, బండి పోయేది రోడ్డుకు కుడి పక్క, గేరు వేసేది కుడి చేత్తో. రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది, అది నిజమే. కానీ ఇద్దరిలో ఒక్కరికే డ్రైవింగ్ వస్తే, ఆ ఒక్కరికి జ్వరం తగిలిన రోజు బండి ఎక్కడుంటే అక్కడే. మా ఆవిడకు రాదు. మూడు వారాలూ నా నడుము బాగుండాలని ఆమె మొక్కుకుంది.

రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? నవ్వొద్దు, మన వయసులో అసలు ప్రశ్న ఇదే. బీపీకి నీళ్ల మాత్రలు వేసుకునేవాళ్లకు బాత్రూమ్ మంచానికి నాలుగడుగుల్లో ఉండాలి. ఇందులో మోటార్‌హోమ్‌కు మంచి మార్కులే పడతాయి. గ్రూప్ బస్సుకు సున్నా.

మోకాళ్లు, సూట్‌కేసులు. యూరప్ స్టేషన్లలో మనకున్నట్టు కూలీలుండరు. చిన్న స్టేషన్లలో లిఫ్ట్ ఉండకపోవచ్చు, ఉన్నా ఆ రోజు పనిచేయకపోవచ్చు. ఇద్దరూ తమ పెట్టె తామే ఎత్తగలరా అనేది ఇంట్లో మెట్ల మీద ఒకసారి చూసుకోండి.

తిండి. బ్రెడ్డు, సలాడ్‌తో పది రోజులు గడిపేవాళ్లు వేరు, రెండో రోజుకే పచ్చిపులుసు గుర్తొచ్చేవాళ్లు వేరు. మేం రెండో రకం.

ఇక చివరిది, ఎవరూ అడగనిది. మీ ఇద్దరికీ పడుతుందా? పడుతుందిలే, నలభై ఏళ్లు కాపురం చేశారు. కానీ ఇంట్లో ఒకరు వరండాలో పేపర్ చదువుతుంటే ఇంకొకరు వంటింట్లో ఉంటారు. మోటార్‌హోమ్‌లో వరండా, వంటిల్లు, పడగ్గది అన్నీ పది పన్నెండు చదరపు మీటర్లే. వాన పట్టుకుంటే రెండు రోజులు అందులోనే.

నాలుగు దారుల్నీ పక్కపక్కన పెడితే ఇట్లా ఉంటుంది:

| చూడాల్సింది | గ్రూప్ టూర్ | రైలు, అద్దె ఇల్లు | కారు, అద్దె ఇల్లు | మోటార్‌హోమ్ |
|---|---|---|---|---|
| డ్రైవింగ్ | అక్కర్లేదు | అక్కర్లేదు | కావాలి | కావాలి, పెద్ద బండి |
| మన తిండి | వాళ్లే పెడతారు | వండుకోవచ్చు | వండుకోవచ్చు | ఎక్కడైనా, ఎప్పుడైనా |
| సామాను మోత | దాదాపు రోజూ సర్దాలి | మారినప్పుడల్లా మోయాలి | డిక్కీ దాకానే | ఒక్కసారి సర్దితే అంతే |
| బాత్రూమ్ | బస్సు ఆగినప్పుడు | ఇంట్లో మామూలే | ఇంట్లో మామూలే | బండిలోనే, కానీ శుభ్రం మీదే |
| పొద్దున లేవడం | వాళ్లు చెప్పిన టైముకు | మీ ఇష్టం | మీ ఇష్టం | మీ ఇష్టం |
| పెద్ద నగరాలు | సులువు | చాలా సులువు | పార్కింగ్ తలనొప్పి | వద్దు |
| పల్లెలు, నదీ తీరాలు | కిటికీలోంచి | కొంతవరకు | బాగుంటుంది | దీనికోసమే పుట్టింది |
| ఎన్ని రోజులకు | 10, 12 | 3 వారాలు పైన | 2, 3 వారాలు | 2, 3 వారాలు |

గ్రూప్ టూర్

దీన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, నేను చూడను. మొదటిసారి పోయేవాళ్లకు, డ్రైవింగ్ రానివాళ్లకు, పారిస్‌లో ఈఫిల్ టవర్, స్విట్జర్లాండ్‌లో మంచు కొండ చూసొస్తే చాలనుకునేవాళ్లకు ఇదే సరైనది. రాత్రికి అన్నం, పప్పు దొరుకుతాయి. వీసా కాగితాలు వాళ్లే సర్ది పెడతారు. మాకు తలకు దాదాపు మూడు లక్షలు పడింది, విమానంతో కలిపి. దాని మీద టీసీఎస్ అనే పన్ను అదనంగా పట్టుకుంటారు, అది మళ్లీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుకుంటుంది.

దీంట్లో నిదానం మాత్రం లేదు. పొద్దున ఆరున్నరకు పెట్టె గది బయట పెట్టాలి, ఏడున్నరకు బస్సు. యూరప్ చట్టం ప్రకారం బస్సు డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి, మన షుగర్, బీపీ చూసి ఎవరూ ఆపరు. ఆగిన చోట బాత్రూమ్‌కు జర్మనీ హైవేల మీద ఒక యూరో కట్టాలి. ఒక రోజు మా బస్సులో పెద్దాయన ఒకాయన ఆపమని అడగలేక చెమటలు పట్టి కూర్చున్నాడు, అది చూశాకే మా ఆవిడ "ఇంకోసారి వస్తే మన టైము మనదిగా ఉండాలి" అంది.

రైలు, అద్దె ఇల్లు

ఇది నాకు బాగా నచ్చిన దారి, చెప్పుకోవడానికి మోటార్‌హోమ్ అంత గొప్పగా ఉండదంతే. యూరప్ బయట ఉండేవాళ్లకు యూరైల్ అనే రైలు పాస్ ఇస్తారు, 33 దేశాల్లో చెల్లుతుంది, 60 దాటినవాళ్లకు పది శాతం తగ్గింపు ఉంది. రోజూ ఎక్కాల్సిన పనిలేదు. రెండు నెలల్లో 10 లేదా 15 ప్రయాణపు రోజులు వాడుకునే రకం ఉంటుంది, నిదానంగా తిరిగేవాళ్లకు అదే మంచిది. వారం ఒక ఊర్లో ఉండి, అక్కడినుంచి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చే ఊళ్లు చూసుకోవచ్చు.

పాస్ ఉంటే చాలదు, ఫ్రాన్స్‌లో టీజీవీ అనే స్పీడ్ రైళ్లకు, ఇటలీ స్పీడ్ రైళ్లకు, రాత్రి రైళ్లకు సీటు విడిగా డబ్బు కట్టి బుక్ చేసుకోవాలి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లో చాలావరకు అక్కర్లేదు, వచ్చిన రైలు ఎక్కేయొచ్చు. జర్మనీ రైళ్లు లేటవుతాయంటే మనవాళ్లు నమ్మరుగానీ బాగా లేటవుతాయి, రైలు మారడానికి ఎనిమిది నిమిషాలే ఉన్న టికెట్ తీసుకుని బిట్రగుంటలో క్రాసింగ్ కోసం ఎదురుచూసిన పాత రోజుల్ని గుర్తు చేసుకున్నాం. మారడానికి కనీసం అరగంట పెట్టుకోండి.

అద్దె ఇల్లు తీసుకునే ముందు లిఫ్ట్ ఉందా, వాషింగ్ మెషీన్ ఉందా, స్టేషన్ నుంచి నడక ఎంత, ఈ మూడూ అడగండి. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు అని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

కారు, అద్దె ఇల్లు

మోటార్‌హోమ్ మీద మనసుంది, ధైర్యం చాలడం లేదు అనేవాళ్లకు ఇది మధ్య దారి. ఆటోమేటిక్ గేరు బండి కావాలని ముందే చెప్పి రాయించుకోండి, అక్కడ మాన్యువల్ బళ్లు ఇంకా ఎక్కువే. పల్లెలో ఇల్లు తీసుకుంటే పార్కింగ్ ఊరికే వస్తుంది. ఇటలీ పాత ఊళ్ల నడిమధ్యలోకి మాత్రం కారు పోనివ్వద్దు. అక్కడ అనుమతి లేని బళ్లు రాకూడని వీధులుంటాయి, కెమెరా పట్టుకుంటుంది, మీరు ఇంటికొచ్చిన కొన్ని నెలలకు ఫైను అద్దె కంపెనీ ద్వారా వస్తుంది, దాని మీద వాళ్ల చార్జీ వేరే.

ఇక మోటార్‌హోమ్

మేం ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర తీసుకున్నాం, చెన్నై నుంచి నేరుగా విమానం ఉండటంతో. కోబ్లెంజ్ నుంచి మోసెల్ నది ఒడ్డునే ట్రియర్ దాకా, అక్కడినుంచి దక్షిణానికి దిగి బోడెన్సే సరస్సు, తర్వాత బవేరియా కొండల అంచు, మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్. మూడు వారాలకు కలిపి సుమారు 1,400 కిలోమీటర్లు. నవ్వుతారేమో, మన ఇన్నోవా డ్రైవర్లు మూడు రోజుల్లో తోలేస్తారు. మోసెల్ ఒడ్డున ఒక్క వంద కిలోమీటర్ల ముక్కకే మాకు ఎనిమిది రోజులు పట్టింది. నది రెండు వైపులా నిటారు కొండలు, కొండ మీదంతా ద్రాక్ష తోటలు, కింద నీళ్లకు ఇరవై అడుగుల దూరంలో మన బండి. పెన్నలో ఇన్ని నీళ్లు ఏడాది పొడుగునా ఉంటే ఎట్లా ఉండేదో అని ఇద్దరం ఒకే మాట అనుకున్నాం. ట్రియర్‌లో రోమన్ల నాటి నల్ల రాతి కోట గుమ్మం చూశాం. కారల్ మార్క్స్ పుట్టిన ఇల్లు కూడా ఆ ఊళ్లోనే. అలగానిపాడులో పుట్టిన సుందరయ్య గారిని తల్చుకోకుండా మన నెల్లూరు జిల్లావాడు ఆ ఇంటి ముందు నిలబడలేడు.

రాత్రి ఎక్కడ ఆపాలన్నది ముందు అర్థం చేసుకోండి, సగం టెన్షన్ పోతుంది. జర్మనీలో రెండు రకాల చోట్లు. ఒకటి ష్టెల్‌ప్లాట్జ్, అంటే మోటార్‌హోమ్‌లు రాత్రి ఆపుకునే స్థలం, మాకు 10 నుంచి 18 యూరోలు పడింది, కరెంటు, నీళ్లు ఉంటాయి, స్నానాల గదులు ఉండొచ్చు, లేకపోవచ్చు. చాలా చోట్ల కుర్చీలు, బల్లలు బయట పరవనివ్వరు. రెండోది క్యాంప్‌సైట్, 30 యూరోలు పైన, వేడినీళ్లు, వాషింగ్ మెషీన్, పచ్చిక, అన్నీ ఉంటాయి. మేం రెండు రాత్రులు క్యాంప్‌సైట్‌లో, మూడు రాత్రులు ష్టెల్‌ప్లాట్జ్‌లో ఉండేవాళ్లం. చాలా క్యాంప్‌సైట్లలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా గేటు వేసేస్తారు, బండి కదలకూడదు. మన కునుకు టైమే, మాకేం ఇబ్బంది కాలేదు. ఆదివారం జర్మనీలో కొట్లన్నీ మూతే, పాలు, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి. రోడ్డు పక్కన ఎక్కడైనా ఆపి పడుకోవచ్చనుకోవద్దు, ఒక్కో దేశానికి ఒక్కో రూలు, క్రొయేషియా లాంటి చోట్ల ఫైను వేస్తారు.

ఇప్పుడు వీడియోల్లో చూపించనిది. బండిలో టాయిలెట్ కింద ఒక పెట్టె ఉంటుంది, క్యాసెట్ అంటారు, పద్దెనిమిది ఇరవై లీటర్లు పడుతుంది. ఇద్దరికి మూడు రోజులకు నిండుతుంది. నాలుగో పొద్దున ఎర్ర దీపం వెలిగింది. మా ఆవిడ నా వైపు చూసింది, నేను కిటికీ వైపు చూశాను. బయట బండి పక్క తలుపు తీసి పెట్టె లాగితే దానికి చక్రాలు, పొడుగు పిడి, అచ్చం విమానంలో తీసుకుపోయే ట్రాలీ బ్యాగ్ లాగే. దాన్ని లాక్కుంటూ టిఫిన్లు తింటున్నవాళ్ల మధ్యలోంచి పోతుంటే ప్రతివాళ్లూ గుడ్ మార్నింగ్ చెప్పేవాళ్లే. గుంట దగ్గర మూత తిప్పి వంచాను. గుటుక్కుమని ఆగి, మళ్లీ గుటుక్కుమని, తర్వాత ఒక్కసారిగా వచ్చి నా చెప్పుల మీద పడింది. వెనక వరుసలో నాకంటే పెద్దాయన, జర్మన్, ఏమీ మాట్లాడకుండా తన పెట్టె మీద చిన్న బటన్ చూపించి బొటనవేలు దాని మీద పెట్టాడు. గాలి పోయే బటన్ అది, వంచేటప్పుడు నొక్కి పట్టుకోవాలి. అంతే విద్య. ఆ తర్వాత మూడు రోజులకోసారి నేనే చేశాను, ఏమీ అనిపించలేదు, కానీ ఈ పని ఎవరిదో విమానం ఎక్కకముందే తేల్చుకోండి.

నీళ్ల ట్యాంకు మాదానికి వంద లీటర్లు. చెంబు స్నానం అలవాటున్న మనకు సరిపోతుంది, షవర్ కింద పాట పాడేవాళ్లకు చాలదు. కరెంటు విషయంలో అక్కడక్కడా 6 ఆంపియర్లే ఇస్తారు, అంటే సుమారు 1,380 వాట్లు. రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చు, కెటిల్ కూడా కలిపి వేస్తే ఫ్యూజు ఠప్పుమంటుంది, అప్పుడు కరెంటు పెట్టె తాళం కోసం ఆఫీసువాళ్లను పిలవాలి.

ఎత్తు ఇంకో సంగతి. మా బండి 2.9 మీటర్లు. ఒక సూపర్ మార్కెట్ పార్కింగ్ గుమ్మంలో 2.2 మీటర్ల దగ్గర ఇనప కమ్మీ, మీటరు దూరంలో చూసి బ్రేక్ కొట్టాను. వెనక అప్పటికే రెండు కార్లు. మా ఆవిడ దిగి, లారీ క్లీనర్ లాగా బండి వెనక చేత్తో కొడుతూ "రానీ, రానీ, ఇంకా రానీ, ఆప్" అంటుంటే ఆ కార్లవాళ్లు ఓపిగ్గా వెనక్కి పోయారు, హారన్ ఒక్కటి లేదు. బండి ఎత్తు, పొడుగు, వెడల్పు ఒక చీటీ మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించుకోండి.

ఏ బండి

ఇది కూడా ఒక ఎంపికే, చాలామంది ఫొటోలో అందం చూసి తీసుకుంటారు. మీరు మంచం చూసి తీసుకోండి.

ఫియట్ డ్యుకాటో లాంటి వ్యాన్‌ను లోపల ఇల్లుగా మార్చినవి ఉంటాయి, ఆరు మీటర్ల లోపు. కారు తోలినట్టే ఉంటుంది, చిన్న ఊళ్లలో దూరుతుంది. మంచం మాత్రం చాలావాటిలో బండికి అడ్డంగా ఉంటుంది, లోపలివాళ్లు రాత్రి లేవాలంటే బయటివాళ్లను దాటాలి. మోకాళ్ల నొప్పులకు ఇది శిక్ష. బాత్రూమ్‌లో స్నానం చేస్తే కమోడ్ కూడా తడుస్తుంది.

డ్రైవర్ నెత్తి మీద పడక ఉండే రకం, ఆల్కోవ్ అంటారు, పిల్లలున్నవాళ్లకు. నిచ్చెన ఎక్కాలి. మనకొద్దు.

ఏడు మీటర్ల, కప్పు తక్కువ ఎత్తుండే సెమీ ఇంటిగ్రేటెడ్ రకంలో వెనక రెండు విడి మంచాలు పొడుగ్గా, మధ్యలో నడిచే దారి ఉండేవి దొరుకుతాయి. ఎవరికి వాళ్లు దిగొచ్చు. షవర్ వేరే, కమోడ్ వేరే. మేం తీసుకున్నది ఇదే, మన వయసువాళ్లకు నేను ఇదే చెప్తాను, ఇంకో మీటరు పొడుగు తోలే భయం రెండు రోజుల్లో పోతుంది, రాత్రి ఒకరినొకరు దాటే బాధ రోజూ ఉంటుంది. ఏది తీసుకున్నా బరువు 3.5 టన్నులు దాటకూడదు. మన ఎల్ఎంవీ (కారు) లైసెన్సు ఇక్కడ 7.5 టన్నుల దాకా చెల్లినా, అక్కడ 3.5 దాటితే వేరే తరగతి లైసెన్సు కావాలి.

ఖర్చు, దాచకుండా

"రూముల డబ్బు మిగులుతుంది గదా" అంటారు అందరూ. మా లెక్క ఇది, సెప్టెంబరు రేట్లు. అద్దె రోజుకు 105 యూరోలు, 21 రోజులకు 2,205. రాత్రి స్థలాలకు 504. డీజిల్ లీటరుకు పది కిలోమీటర్ల చొప్పున 140 లీటర్లు, 231. బండికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్‌లో మనం కట్టాల్సిన వాటా తగ్గించుకోవడానికి 250, గ్యాసు, దుప్పట్లు, వంట సామాను కిట్‌కు 150. అంతా 3,340 యూరోలు, అంటే రోజుకు 160 దాకా. యూరో వంద రూపాయలనుకుంటే 16,000. తర్వాత నాలుగు వారాలు అద్దె ఇళ్లలో ఉన్నప్పుడు ఇల్లు, లోకల్ బస్సులు, రైలు పాస్ వాటా కలిపి రోజుకు 130 దాటలేదు. తిండి ఖర్చు రెండింటికీ దాదాపు ఒకటే. జులై, ఆగస్టుల్లో అయితే మోటార్‌హోమ్ అద్దె ఇంకా చాలా పెరుగుతుంది. కాబట్టి డబ్బు మిగులుతుందని తీసుకోవద్దు, నది ఒడ్డున నిద్ర లేవడానికి తీసుకోండి.

బండి ఇచ్చేటప్పుడు క్రెడిట్ కార్డు మీద వెయ్యి రెండు వేల యూరోలు డిపాజిట్‌గా ఆపి పెడతారు. కార్డు లిమిట్ ముందే పెంచుకోండి, డెబిట్ కార్డు చాలా చోట్ల ఒప్పుకోరు. కొన్ని కంపెనీలు 70, 75 దాటినవాళ్లకు బండి ఇవ్వవు, బుక్ చేసేముందే వయసు చెప్పి అడగండి.

కాగితాలు

షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) మీద ఏ 180 రోజుల్లో అయినా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి చేసుకోవచ్చు. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులోకి రావు. మోటార్‌హోమ్‌వాళ్లకు ఒక చిక్కుంది, వీసాకు ఏ రాత్రి ఎక్కడ ఉంటారో చూపించాలి, ష్టెల్‌ప్లాట్జ్‌లలో చాలావాటికి బుకింగే ఉండదు. మేం బండి బుకింగ్ కాగితం, నాలుగు క్యాంప్‌సైట్ల బుకింగ్‌లు, తేదీలవారీ దారి పట్టిక పెట్టాం, వీసా వచ్చింది.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది, దాంతోపాటు ఒరిజినల్ లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. 55 దాటినవాళ్లకు లైసెన్సు ఐదేళ్లకోసారే రెన్యూవల్ అవుతుంది గదా, గడువు ఒకసారి చూసుకోండి, నాది సరిగ్గా ప్రయాణం మధ్యలో అయిపోయేది, మా ఆవిడ చూడబట్టి సరిపోయింది. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాలోకి పోతే హైవే ఎక్కకముందే విన్యెట్ అనే టోల్ పాస్ కొనాలి. స్విట్జర్లాండ్‌లో ఏడాదికి ఒకటే రకం, 40 ఫ్రాంకులు. కేంద్ర పెన్షనర్లయితే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఉంటుంది కాబట్టి అక్టోబరు ఆఖరుకు ఇంటికి చేరేటట్టు చూసుకోవడం మంచిది, ఎట్లాగూ అప్పటికి చాలా క్యాంప్‌సైట్లు మూసేస్తారు.

తిండి సామాను గురించి తమాషా రూలొకటి. యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి మన నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు తీసుకుపోకూడదు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. ఎండుచేపలు మాత్రం మనిషికి 20 కిలోల దాకా పట్టుకుపోవచ్చు! మా ఆవిడ ఈ రూలు చదివి పొంగిపోయి పావుకిలో నెత్తళ్లు నాలుగు కవర్లలో చుట్టి పెట్టింది. ఒక్కసారే వేయించాం, బండి తలుపులన్నీ తెరిచి. వారం దాకా కర్టెన్లు వాసన కొట్టాయి. మీరు వేయించాలంటే క్యాంప్‌సైట్‌లో బయట, గాలి మీ వైపునుంచి పక్క బండి వైపు వీచనప్పుడు.

ఎవరికి ఏది

డ్రైవింగ్ రాదు, మొదటిసారి, పదిహేను రోజులకంటే ఎక్కువ ఇల్లు వదల్లేరు: గ్రూప్ టూర్. ఇంకో ఆలోచన వద్దు.

డ్రైవింగ్ రాదు, కానీ నెలన్నర ఉండగలరు, పెట్టె తోసుకుంటూ నడవగలరు: రైలు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌తో మొదలుపెట్టండి, సీటు బుకింగ్ గొడవ తక్కువ.

ఇద్దరిలో ఒకరికే డ్రైవింగ్ వచ్చు, నడుము అనుమానం: కారు. గూడూరులో ఉండే నా పాత కొలీగ్‌కు ఇదే చెప్పాను, కొంచెం అలిగాడు.

ఇద్దరూ తోలగలరు, తొందర లేదు, క్యాసెట్ మాట వింటే ముక్కు మూసుకోరు: మోటార్‌హోమ్. అయినా మొత్తం ప్రయాణానికి తీసుకోవద్దు. మధ్యలో రెండు మూడు వారాలు పెట్టుకోండి, అది కూడా దిగిన వెంటనే కాకుండా, నాలుగు రోజులు ఇంట్లో ఉండి నిద్ర సర్దుకున్నాక. విమానం దిగి కళ్లు మూతలు పడుతుండగా ఏడు మీటర్ల బండి కుడి పక్క తోలడం నేను చేశాను, ఇంకెవరూ చేయొద్దు. మా బావమరిదికి డ్రైవింగ్ వచ్చు, చెల్లెమ్మ స్కూటీ దాకానే. అతనికి పది రోజుల మోటార్‌హోమ్ చాలన్నాను, అది కూడా ఒక్క మోసెల్ ఒడ్డునే. "పది రోజులకు ఒక్క నదేనా బావా?" అన్నాడు. ఒక్క నదే.

బండి తీసుకునేరోజు, తిరిగి ఇచ్చేరోజు చుట్టూ తిరిగి వీడియో తీయండి, బంపర్ కింద, కప్పు మీద కూడా. మాకు ఇచ్చేటప్పుడు వెనక మూల మీద గీత ఒకటి చూపించి డబ్బడిగారు, మొదటిరోజు వీడియోలో ఆ గీత ఉంది కాబట్టి ఊరుకున్నారు. డీజిల్ నిండా కొట్టించి రసీదు దాచుకోండి. లోపల ఊడవడం మనదే, బయట కడగడం వాళ్లది, క్యాసెట్ ఖాళీ చేయకుండా ఇస్తే వంద యూరోలు పైన వేస్తారు. ఆ చివరి పొద్దున క్యాసెట్ మా ఆవిడే ఖాళీ చేసొచ్చింది, బటన్ నొక్కి పట్టుకుని, చుక్క కింద పడకుండా.